ఒకే మార్కుల జాబితా, వేర్వేరు లెక్కలు: టెక్సాస్‌లో ఒక ప్రీ-నర్సింగ్ విద్యార్థిని కేస్ స్టడీ

టెక్సాస్ రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, ఆరోగ్య రంగ కోర్సులకు వెళ్లదలచిన డిగ్రీ విద్యార్థులకు అకడమిక్ అడ్వైజర్‌గా నేను పని చేస్తున్నాను. ఇక్కడ వివరించబోయే విద్యార్థిని మా దగ్గర రెండో సంవత్సరం చదువుతున్న పందొమ్మిదేళ్ల తెలుగమ్మాయి. తండ్రి హెచ్-1బి వీసాపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కాగా, ఆమె ఆ వీసాదారుల కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసాపై ఉంటోంది. ఎనిమిదో తరగతిలో ఇక్కడికి వచ్చింది, హైస్కూలు ఇక్కడే పూర్తి చేసింది, మెడిసిన్ లక్ష్యంగా బయాలజీలో చేరింది. మొదటి సంవత్సరం ఆ లక్ష్యానికి సరిపడేలా సాగలేదు. రెండో సంవత్సరంలో నర్సింగ్ వైపు మళ్లి, ఫాల్ సెమిస్టర్ ఫలితాలు వచ్చాక జనవరిలో నన్ను కలిసింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలను, ఆమె దరఖాస్తు చేసిన సంస్థల పేర్లను తీసివేశాను.

ఆమె రికార్డును ముందుగా యథాతథంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఈ అంకెల మీదనే ఆధారపడింది. మొదటి సెమిస్టర్‌లో బయాలజీలో బి, జనరల్ కెమిస్ట్రీలో సి, కాల్క్యులస్‌లో సి, ఇంగ్లిషులో ఏ. రెండో సెమిస్టర్‌లో బయాలజీ రెండో భాగంలో బి, కెమిస్ట్రీ రెండో భాగంలో డి, ఇంగ్లిషు, సైకాలజీలలో ఏ. సైన్సు కోర్సులకూ కాల్క్యులస్‌కూ నాలుగేసి క్రెడిట్లు, మిగతావాటికి మూడేసి. సంవత్సరం ముగిసేసరికి 29 క్రెడిట్లకు జీపీఏ (ఏకు 4 నుంచి డికి 1 వరకు పాయింట్లు వేసి తీసే సగటు) 2.76. రెండో సంవత్సరం ఫాల్‌లో అనాటమీ అండ్ ఫిజియాలజీ మొదటి భాగంలో బి వచ్చింది. స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, హిస్టరీ మూడింటిలోనూ ఏ వచ్చింది. దాంతో మొత్తం జీపీఏ 3.05కు చేరింది. చాలా నర్సింగ్ కళాశాలలు దరఖాస్తుకు పెట్టే కనీస హద్దు 3.0 కనుక గీత దాటినట్టే కనిపిస్తుంది. కానీ ఆ గీత దరఖాస్తు చేయడానికి మాత్రమే. సీటు వచ్చే గీత దానికి చాలా ఎత్తున ఉంటుంది.

ప్రీ-నర్సింగ్ అన్న పేరుకు ఉన్న విలువ

విద్యార్థినికి, అంతకంటే ఎక్కువగా తల్లిదండ్రులకు, మొదట స్పష్టం చేయవలసి వచ్చిన విషయం ఒకటుంది. మేజర్‌ను, అంటే డిగ్రీలోని ప్రధాన విషయాన్ని, ప్రీ-నర్సింగ్‌గా మార్చుకున్నంత మాత్రాన నర్సింగ్ సీటు వచ్చినట్టు కాదు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు హైస్కూలు నుంచే నేరుగా నర్సింగ్‌లో చేర్చుకుంటాయి. మరికొన్ని చోట్ల మొదటి రెండేళ్లలో ప్రీరిక్విజిట్ కోర్సులు, అంటే ప్రవేశానికి ముందే పూర్తి చేయవలసినవి, చదివి, ఆ మార్కులతో పోటీపడి, చివరి రెండేళ్ల క్లినికల్ చదువుకు వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. టెక్సాస్‌లో ఈ రెండో పద్ధతి బాగా పాతుకుపోయింది. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, గాల్వెస్టన్, లబ్బాక్ నగరాల్లోని హెల్త్ సైన్స్ కేంద్రాలు ఆ చివరి దశ చదువునే చెబుతాయి. బేలర్ విద్యార్థులు మొదటి రెండేళ్లు వేకోలో చదివి తర్వాత డల్లస్‌లోని నర్సింగ్ కళాశాలకు వెళతారు. ఒకే విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివిన విద్యార్థి కూడా అక్కడి నర్సింగ్ కళాశాల ముందు బయటివారితో సమానంగా వరుసలో నిలబడవలసి రావచ్చు.

నర్సుల కొరత ఉన్న దేశంలో ఇంత పోటీ ఎందుకని తండ్రి అడిగిన ప్రశ్న న్యాయమైనదే. కొరత ఆసుపత్రుల్లోనే కాదు, పాఠం చెప్పేవారిలోనూ, విద్యార్థులను పంపడానికి అనువైన వార్డులలోనూ ఉంది. రోగికి నేరుగా సేవలందించే క్లినికల్ శిక్షణలో ఒక అధ్యాపకురాలి కింద మామూలుగా పదిమందికి మించి విద్యార్థులు ఉండకూడదన్నది టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ నియమం. కాబట్టి తరగతి గదిలో కుర్చీలు పెంచినంత సులువుగా సీట్లు పెరగవు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ లెక్క ప్రకారం 2023లో బ్యాచిలర్స్, ఆపై స్థాయి నర్సింగ్ కోర్సులలో అర్హత ఉండి కూడా తిరస్కరణకు గురైన దరఖాస్తులు 65,766. ఇవి దరఖాస్తుల సంఖ్య. మనుషుల సంఖ్య కాదు. ఒకే విద్యార్థి నాలుగు చోట్ల దరఖాస్తు చేసి మూడు చోట్ల తిరస్కరణ పొందితే ఆ మూడూ ఇందులో చేరతాయి. భయపెట్టడానికి ఈ అంకెను వాడేవారు ఆ తేడాను సాధారణంగా చెప్పరు.

తండ్రితో మాట్లాడడానికి విద్యార్థిని లిఖితపూర్వక అంగీకారం తీసుకున్నాం. కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుపై హక్కు విద్యార్థిదేనని 1974 నాటి ఫెర్పా చట్టం చెబుతుంది. ఫీజు కట్టేది తామే కదా అన్న తల్లిదండ్రుల వాదన మా కార్యాలయంలో చెల్లదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎంట్రన్స్ పరీక్ష ఏదో ఉందటగా మేడమ్, అది బాగా రాస్తే సీటు రాదా?" ఎంసెట్ ర్యాంకుతో తన జీవితం మలుపు తిరిగిన మనిషి అలా ఆలోచించడం సహజం. ఇక్కడి విధానంలో ఆ ఒక్క ర్యాంకు లేదు. ఒక్కో కళాశాల ఒక్కో రకంగా లెక్క వేస్తుంది, ఆ లెక్కను చాలావరకు ముందే ప్రకటిస్తుంది కూడా. ప్రకటించిన లెక్కను చదవకుండా, పేరున్న చోట్లన్నింటికీ దరఖాస్తులు పంపడమే నేను ఎక్కువగా చూసే వృథా.

నాలుగు జీపీఏలు

మొదటి సమావేశంలోనే మేము చేసిన పని, ఆమె ట్రాన్‌స్క్రిప్టును, అంటే మార్కుల జాబితాను, డల్లస్ పరిసరాల్లోనూ రాష్ట్రంలో మరికొన్ని చోట్లా ఉన్న కళాశాలల పద్ధతుల ప్రకారం విడివిడిగా లెక్కించడం. మిగిలిన మూడు ప్రీరిక్విజిట్లు, అంటే అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండో భాగం, మైక్రోబయాలజీ, లైఫ్‌స్పాన్ సైకాలజీ, మూడింటిలోనూ ఏ తెచ్చుకుంటే ఎక్కడ నిలుస్తుందో చూశాం.

చదివిన ప్రతి సైన్సు కోర్సునూ లెక్కలోకి తీసుకునే కళాశాలలో ఆమె సైన్సు జీపీఏ జనవరి నాటికి 2.40, మిగిలినవాటిలో ఏ వచ్చినా 2.86 దగ్గర ఆగుతుంది. అనాటమీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ మాత్రమే సైన్సుగా లెక్కించే చోట అదే విద్యార్థిని 3.67తో నిలుస్తుంది. ప్రీరిక్విజిట్లన్నింటినీ తీసుకుని, అందులో ఒక కెమిస్ట్రీని కూడా కోరే చోట 3.65. కెమిస్ట్రీ అడగని చోట 3.87. మార్కుల జాబితాలో ఒక్క అక్షరం మారకుండానే 2.86కూ 3.87కూ మధ్య ఇంత దూరం ఏర్పడింది. మొదటి అంకెతో ఆమె దరఖాస్తు కంప్యూటర్ వడపోతలోనే ఆగిపోతుంది. చివరి అంకెతో అదే దరఖాస్తు గట్టి పోటీదారుల సరసన కూర్చుంటుంది.

ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇక్కడే వచ్చింది. ఆమె అన్నిటికంటే ఎక్కువగా కోరుకున్న నర్సింగ్ కళాశాల ఇంటికి అరగంట దూరంలో ఉంది, స్నేహితులు అక్కడికే వెళుతున్నారు. కానీ అది సైన్సులన్నింటినీ లెక్కించే రకం, అందులోనూ కనీసం 3.0 ఉండాలంటుంది. డి వచ్చిన కెమిస్ట్రీని మళ్లీ చదివి ఏ తెచ్చుకుంటే సరిపోదా అని తండ్రి అడిగారు. లెక్క వేసి చూపించాను. ఆ కళాశాల రెండు ప్రయత్నాలనూ కలిపి సగటు తీస్తుంది కనుక 32 క్రెడిట్లకు సరిగ్గా 3.00 వస్తుంది. బి వస్తే 2.88 దగ్గరే ఉండిపోతుంది. పాత గ్రేడు స్థానంలో కొత్తదాన్నే తీసుకునే కళాశాల అయితే 3.29 వచ్చేది, కానీ ఇక్కడ ఆ సౌకర్యం లేదు. చాలా నర్సింగ్ కళాశాలలు వాడే నర్సింగ్‌క్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ కూడా తన జీపీఏలో అన్ని ప్రయత్నాలనూ కలుపుతుంది. మా విశ్వవిద్యాలయం తన ట్రాన్‌స్క్రిప్టులో పాత గ్రేడును పక్కన పెట్టినా, ఆ వ్యవస్థకు అది కనిపిస్తూనే ఉంటుంది.

అంటే ఒక వేసవి మొత్తం వెచ్చించి, నర్సింగ్‌కు అవసరమే లేని కోర్సును మళ్లీ చదివి, చివరికి కనీస అర్హత గీత మీద నిలబడడం. ఆ పైన 3.7, 3.8 ఉన్నవారితో పోటీ. ఆ వేసవిని మైక్రోబయాలజీకి ఇవ్వాలన్నది నా సలహా. తాను కోరుకున్న ఆ కళాశాలను జాబితా నుంచి తీసేయడానికి ఆమెకు కొన్ని వారాలు పట్టింది. ఆ విషయంలో నేను తొందరపెట్టలేదు, ఎందుకంటే లెక్క అర్థమైనంత త్వరగా మనసు ఒప్పుకోదు.

అనాటమీ మొదటి భాగంలో వచ్చిన బి గురించి కూడా ఇదే చర్చ జరిగింది. సగటు తీసే చోట దాన్ని మళ్లీ చదివితే మూడు సైన్సుల జీపీఏ 3.67 నుంచి 3.75కు మాత్రమే పెరుగుతుంది. పైగా బి లేదా అంతకంటే మంచి గ్రేడు వచ్చిన కోర్సును మళ్లీ చదివితే లెక్కలోకి తీసుకోని కళాశాలలున్నాయి, సైన్సు కోర్సు రెండోసారి చదవడాన్నే ఒక మరకగా చూసేవీ ఉన్నాయి. బిని అలాగే వదిలేశాం.

వసంతం, వేసవి

స్ప్రింగ్ సెమిస్టర్‌లో అనాటమీ రెండో భాగంతో పాటు లైఫ్‌స్పాన్ సైకాలజీ, గవర్నమెంట్, ఫిలాసఫీ తీసుకుంది. అనాటమీ మొదటి పరీక్షలో 78 వచ్చింది. ఆ సాయంత్రమే కోర్సును డ్రాప్ చేస్తానని ఈమెయిల్ పంపింది. మొదటి సంవత్సరపు కెమిస్ట్రీ అనుభవం ఆమెలో బలంగా ఉండిపోయిందని అప్పుడు అర్థమైంది. టెక్సాస్ ప్రభుత్వ కళాశాలలన్నింటిలో కలిపి డిగ్రీ ముగిసేలోగా ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయకూడదన్న చట్టం ఒకటుంది. అయితే ఆమెకు ఆ పరిమితి ఇంకా దూరంలోనే ఉంది. నేను చూపించినవి రెండే విషయాలు. ట్రాన్‌స్క్రిప్టులో డబ్ల్యూ (కోర్సును మధ్యలో వదిలేసినట్టు చూపే గుర్తు) ఉంటే దాన్ని కూడా ఒక ప్రయత్నంగానే లెక్కించే కళాశాల ఆమె జాబితాలో ఉంది. ఇక ఆ కోర్సులో నాలుగు పరీక్షలకు కలిపి 70 శాతం, ల్యాబ్‌కు 30 శాతం వెయిటేజీ ఉంది కనుక, మొదటి పరీక్ష పోయినా మిగిలిన వాటిలో సగటున 93 వస్తే ఏ గ్రేడు ఇంకా అందుబాటులోనే ఉంది. అది చిన్న లక్ష్యం కాదు, కానీ అసాధ్యమూ కాదు.

ఆమె చదివే తీరులో లోపం కనిపెట్టడం కష్టం కాలేదు. స్లైడ్లను మళ్లీ మళ్లీ చదివి రంగులు పూయడమే చదువుగా సాగుతోంది. ట్యూటరింగ్ కేంద్రంలో ఒక సీనియర్ విద్యార్థిని ఆమె చేత పుస్తకం మూయించి, గుండెలోకి వచ్చిన రక్తం ఏ కవాటం దాటి ఎటు పోతుందో, మూత్రపిండంలో సోడియం ఎక్కడ తిరిగి పీల్చుకోబడుతుందో, తెల్ల బోర్డు మీద గీస్తూ నోటితో వివరించమనేది. ల్యాబ్ తెరిచి ఉన్న వేళల్లో నమూనాల ముందు కూడా ఇదే పని. సెమిస్టర్ చివరికి ఆ కోర్సులో ఏ వచ్చింది, అయితే అంచుమీద వచ్చింది. మిగతా మూడింటిలోనూ ఏ వచ్చింది. వేసవిలో ఒక్క మైక్రోబయాలజీ మాత్రమే తీసుకుని అందులోనూ ఏ సాధించింది. 59 క్రెడిట్లకు మొత్తం జీపీఏ 3.32 అయింది.

ఈ లోపల ఫిబ్రవరిలోనే దరఖాస్తు చేసే అవకాశం ఒకటి వచ్చింది. రెండు సైన్సు కోర్సులు ఇంకా పూర్తి కాకపోయినా కొన్ని కళాశాలలు దరఖాస్తు తీసుకుంటాయి. కానీ అప్పటికి ఆమె చేతిలో ఉన్న ప్రధాన సైన్సు గ్రేడు ఒకే ఒక బి. దానితో మూడు సైన్సుల జీపీఏ 3.0గా కనిపిస్తుంది. ఆరు నెలలు ఆగితే అది 3.67 అవుతుంది. ఆగాం. ఆగితే ఒక సెమిస్టర్ ఖాళీ అవుతుందన్న తల్లి ఆందోళనకు సమాధానం, డిగ్రీ విద్యార్థులందరూ చదవవలసిన టెక్సాస్ 42 క్రెడిట్ల కోర్ కరిక్యులమ్‌లో దొరికింది. మిగిలిన హిస్టరీ, గవర్నమెంట్, ఫైన్ ఆర్ట్స్ కోర్సులను మూడో సంవత్సరం ఫాల్‌లో ముగించి, ఎక్కడికి బదిలీ అయినా కోర్ పూర్తయిన విద్యార్థిగా వెళ్లేలా ఏర్పాటు చేశాం.

టీస్ అనే ప్రవేశ పరీక్ష విషయం క్లుప్తంగానే చెబుతాను. 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. రీడింగ్ 45 ప్రశ్నలకు 55 నిమిషాలు, గణితం 38కి 57, సైన్సు 50కి 60, ఇంగ్లిషు భాషా వాడుక 37కి 37 నిమిషాలు. కొన్ని కళాశాలలు దీని బదులు హెసీ ఏ2 అడుగుతాయి. ఏది అడుగుతుందో చూసుకోకుండా రెండింటికీ చదవడం అనవసరం. ఆమె మొదటిసారి మే నెలలో రాసి 74 తెచ్చుకుంది. గణితంలో దాదాపు పూర్తి మార్కులు వచ్చాయి, సైన్సులో పడిపోయింది. మైక్రోబయాలజీ పూర్తయ్యాక ఆగస్టులో మళ్లీ రాస్తే 86 వచ్చింది. రెండో ప్రయత్నానికి ముందు ఆమె చేసిన ప్రత్యేక తయారీ పెద్దగా ఏమీ లేదు. కోర్సులు బాగా చదవడమే తయారీ అయింది, అందుకే ఈ పరీక్షను వేసవి మొదట్లో కాక చివర్లో రాయమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

ఆసుపత్రి అనుభవం, వ్యాసం

నర్సింగ్‌కు దరఖాస్తు చేసే విద్యార్థులు చాలామంది సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్‌గా జీతానికి పని చేస్తారు. ఫెడరల్ నిబంధన ప్రకారం ఆ శిక్షణ కనీసం 75 గంటలు. హెచ్-4పై ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు కనుక ఆమె శిక్షణ తీసుకోవచ్చు గానీ ఉద్యోగం చేయలేదు. నగదు రూపంలో జీతం ఇస్తానన్న ఒక హోమ్ కేర్ యజమాని ప్రతిపాదనను ఆమె నాతో ప్రస్తావించినప్పుడు, అది భవిష్యత్తులో ప్రతి వీసా దరఖాస్తునూ వెంటాడే విషయమని గట్టిగా చెప్పాను. నిజమైన వాలంటీర్ పని మాత్రమే ఆమెకు తెరిచి ఉన్న దారి. ఒక కౌంటీ ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో వారానికి ఒక పూట అలా చేరింది.

వ్యాసం మొదటి చిత్తుప్రతి అమ్మమ్మ మరణంతో మొదలై సేవాభావంతో ముగిసింది. అబద్ధమేమీ కాదు, కానీ అందులో నర్సు ఎక్కడా లేదు. వాలంటీర్ పనిలో ఏమైనా ఇబ్బందిపడిన సందర్భం ఉందా అని అడిగితే ఒక సంగతి చెప్పింది. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడను ఛాతీ నొప్పితో ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆవిడకు ఇంగ్లిషు రాదు. ఈ అమ్మాయిని చూసి "తల్లీ, నువ్వు మన పిల్లవే కదా, వీళ్లకి కాస్త చెప్పమ్మా" అని చేయి పట్టుకుంది. అర్హత లేనివారు వైద్య విషయాలకు దుబాసీగా ఉండకూడదని శిక్షణలో చెప్పారు. అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 1557వ సెక్షన్ కింద అర్హులైన దుబాసీలను ఏర్పాటు చేసే బాధ్యత ఆసుపత్రులకు ఉంది. ఆమె పెద్దావిడకు, "ఇప్పుడే ఫోన్‌లో తెలుగు మాట్లాడేవారిని కలుపుతారండీ, నేను ఇక్కడే ఉంటాను" అని మాత్రం చెప్పి, నర్సును పిలిచింది. ఫోన్ దుబాసీ వచ్చాక ఆ నర్సు మొదటి ప్రశ్నగా మందుల జాబితా అడిగింది. పెద్దావిడ చెప్పిన బి.పి. మాత్రలతో పాటు, ఊరి నుంచి తెచ్చుకున్న, పేరు తెలియని ఇంకో మాత్ర సంగతి అప్పుడు బయటికొచ్చింది. తాను మాట్లాడి ఉంటే నొప్పి గురించే చెప్పి ఊరుకునేదాన్నని ఆ అమ్మాయి అంది.

వ్యాసం ఆ పదిహేను నిమిషాల గురించే తిరిగి రాసింది. సహాయం చేయాలన్న తపనకూ, ఏ సహాయం తన పరిధిలోకి వస్తుందో తెలుసుకోవడానికీ ఉన్న తేడా అందులో వివరణ లేకుండానే కనిపించింది. నేను వాక్యాలు దిద్దలేదు. అడ్వైజర్ దిద్దిన వ్యాసాలు చదవడానికి సాఫీగా ఉంటాయి, ఇంటర్వ్యూలో మాత్రం రాసిన మనిషికీ వచ్చిన మనిషికీ పొంతన కుదరదు.

ఇంటర్వ్యూ ఒక్క కళాశాలలోనే ఉంది. అక్కడ తప్పక వచ్చే ప్రశ్న ఆమె ట్రాన్‌స్క్రిప్టే వేస్తుంది: మెడిసిన్ కుదరక నర్సింగ్‌కు వస్తున్నారా? నిజానికి ఇంట్లో తల్లి కూడా ఇదే ప్రశ్నను మరో రూపంలో వేస్తోంది, బంధువులకు ఏం చెప్పాలన్న బెంగతో. డాక్టర్ చదువుకు నర్సింగ్ ఓదార్పు బహుమతి అన్న భావన మన ఇళ్లలో ఎంత లోతుగా ఉందో, ఆ పని విలువ అంత తక్కువగా తెలుసు. 2023లో అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 86,070 డాలర్లని కార్మిక గణాంకాల శాఖ చెబుతుంది. ఆ అంకె చెప్పాక తండ్రి మెత్తబడ్డారు, తల్లి మెత్తబడలేదు. విద్యార్థిని మాత్రం ఇంటర్వ్యూ ప్రశ్నకు సూటిగానే సమాధానం సిద్ధం చేసుకుంది: కెమిస్ట్రీలో దెబ్బ తిన్నది నిజం, ఆ దెబ్బే మేజర్ గురించి మళ్లీ ఆలోచించేలా చేసింది, ఆ తర్వాత ఎమర్జెన్సీలో గడిపిన పూటలు ఎటు వెళ్లాలో తేల్చాయి. మొదటి భాగాన్ని దాచిపెట్టమని నేను చెప్పి ఉంటే రెండో భాగాన్ని ఎవరూ నమ్మేవారు కాదు.

దరఖాస్తులు, ఫలితాలు

నాలుగు చోట్ల దరఖాస్తు చేసింది. కెమిస్ట్రీ అడగని, ప్రీరిక్విజిట్ జీపీఏకూ టీస్ స్కోరుకూ ప్రాధాన్యమిచ్చే, ఇంటికి చాలా దూరంలో ఉన్న ప్రభుత్వ కళాశాల ఒకటి. మూడు సైన్సులనే లెక్కించేది ఒకటి. కెమిస్ట్రీతో కలిపి లెక్కించేది ఒకటి. ఇంటర్వ్యూతో సమగ్రంగా పరిశీలించే ప్రైవేటు విశ్వవిద్యాలయం ఒకటి. ఐదోదిగా తండ్రి సూచించిన ఒక లాభాపేక్ష సంస్థను పరిశీలించి పక్కన పెట్టాం. పోటీ లేకుండా వెంటనే సీటు ఇస్తామని అది ఫోన్ మీద ఫోన్ చేసింది. నర్సింగ్ పాఠశాలను చూసేటప్పుడు నేను మొదట చూసేది మూడింటిని: రాష్ట్ర బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆమోదం, జాతీయ గుర్తింపు, నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌ను మొదటిసారి రాసినవారి ఉత్తీర్ణత శాతం. టెక్సాస్ బోర్డు 80 శాతాన్ని కనీస ప్రమాణంగా పెట్టింది, సంస్థలవారీగా ఫలితాలను ప్రచురిస్తుంది. ఆ సంస్థ అంకెలు చూశాక తండ్రే ఫోన్ నంబర్ బ్లాక్ చేశారు. 2023 జనవరిలో ఫ్లోరిడాలో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు అమ్మిన వ్యవహారం ఫెడరల్ కేసుగా బయటపడింది. ఈ సంస్థ అలాంటిదేమీ కాదు, అయినా సీటు దొరకని నిస్పృహను వ్యాపారంగా మార్చేవారు ఉన్నారన్న సంగతి తెలుగు కుటుంబాలు గుర్తించడం అవసరం.

ఫలితాలు ఇలా వచ్చాయి. కెమిస్ట్రీతో కలిపి లెక్కించిన కళాశాల తిరస్కరించింది. మూడు సైన్సుల కళాశాల వెయిట్‌లిస్టులో పెట్టింది. ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూ తర్వాత సీటు ఇచ్చింది, కానీ హెచ్-4 విద్యార్థులకు ఫెడరల్ ఆర్థిక సహాయం వర్తించదు కనుక ఆ ఫీజు ఆ కుటుంబానికి మోయలేని భారం. దూరపు ప్రభుత్వ కళాశాల స్ప్రింగ్ ప్రవేశానికి సీటు ఇచ్చింది, అక్కడే చేరింది. ఆమెను 3.87గా చూసిన కళాశాలే ఆమెకు అందుబాటులో ఉన్న సీటు ఇచ్చిందన్నది గమనార్హం. ఇందులో అదృష్టం పాత్ర లేదనను. మరో సంవత్సరం మరో గుంపు దరఖాస్తుదారులతో ఇదే 3.87 వెయిట్‌లిస్టులో ఉండిపోయేది కావచ్చు.

సీటు వచ్చిన తర్వాత

ఈ భాగం తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. ప్రవేశ లేఖతో పాటు టీకాల జాబితా వచ్చింది. రోగులను తాకే ముందు హెపటైటిస్-బి టీకాలు పూర్తి కావాలి. సాధారణ మూడు డోసుల క్రమం ఆరు నెలలు పడుతుంది, అంత సమయం లేదు. పుట్టిన ఊళ్లో వేయించిన టీకాల కార్డు దొరకలేదు. రక్తంలో యాంటీబాడీలు చూసే టైటర్ పరీక్షలో హెపటైటిస్-బి రక్షణ చాలదని తేలింది. పెద్దలకు నెల తేడాతో రెండు డోసులే ఇచ్చే హెప్లిసావ్-బి టీకా ఉండడం వల్ల గడువు తప్పలేదు. క్షయ పరీక్ష మరో చిక్కు. భారతదేశంలో పసితనంలో బీసీజీ వేయించుకున్నవారికి చర్మ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపవచ్చు, దాంతో ఎక్స్-రేలు, డాక్టర్ లేఖలు అంటూ వారాలు గడిచిపోతాయి. బీసీజీ ప్రభావం పడని రక్త పరీక్షను మొదటే అడగమని చెప్పాను. ఫలితం నెగెటివ్ వచ్చింది. వేలిముద్రలతో జరిగే నేర చరిత్ర తనిఖీ కూడా ఈ దశలోనే ఉంటుంది.

వీసా సంగతి ఇంకా సున్నితమైనది. మొదటి నర్సింగ్ సెమిస్టర్ తర్వాత వచ్చే వేసవిలో ఆమెకు ఇరవై ఒకటి నిండుతాయి, ఆ రోజుతో హెచ్-4 ముగుస్తుంది. కుటుంబం గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి ఉన్నా అది ఆమెను కాపాడలేదు. విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారాలంటే చేరబోయే కళాశాల ఇచ్చే ఐ-20 అనే పత్రం కావాలి. అది మేము ఇవ్వగలిగినది కాదు. అందుకే ప్రవేశం ఖాయమైన వారంలోనే ఆ కళాశాల అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో ఆమెను కలిపాను, కుటుంబం ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించింది. ఎఫ్-1లోకి మారాక సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి, పూర్తికాల చదువు లెక్కలోకి ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది. నర్సింగ్ సిలబస్‌లో ఒక కోర్సు ఆన్‌లైన్‌లో ఉండడంతో ఆ సెమిస్టర్ జాబితాను ముందే సరిచూసుకున్నారు. ఫీజు స్థానికులకు వర్తించే రేటులోనే కొనసాగుతుందా అన్న ప్రశ్నను ఆ కళాశాల రెసిడెన్సీ అధికారికి రాతపూర్వకంగా పంపించాను. నోటిమాట సమాధానం మీద ఆధారపడి అపార్ట్‌మెంట్ అద్దె ఒప్పందాలు చేసుకోవద్దని తండ్రికి చెప్పాను.

మొదటి సెమిస్టర్‌లో ఆమెకు కష్టంగా అనిపించింది మందుల మోతాదు లెక్కల పరీక్ష. ఆ కళాశాలలో 90 శాతం రాకపోతే క్లినికల్స్‌కు పంపరు. గణితం తన బలమని నమ్మిన అమ్మాయి మొదటిసారి 86 దగ్గర ఆగింది. మిల్లీగ్రాములను మైక్రోగ్రాములుగా మార్చే చోట దశాంశ బిందువు జారింది. రెండో అవకాశంలో దాటింది. వార్డుకు వెళ్లిన మొదటి వారం తర్వాత ఫోన్ చేసి, ఎఫ్-1 దరఖాస్తు రసీదు వచ్చిందనీ, టీకా కాగితాల ఫైలు ఆమోదం పొందిందనీ చెప్పింది. ఆ రెండూ నమోదు చేసి మా వైపు ఫైలును మూసివేశాను.